గోడలకు చెక్క షీట్లు: విశాఖ ఇంట్లో పదేళ్ల వాడకం తరువాత

2014 అక్టోబరులో వచ్చిన హుద్‌హుద్ తుఫానుకు విశాఖపట్నంలోని మా ఇంటి కిటికీలు దెబ్బతిని, లోపలి గోడల పుట్టీ అంతా నాని ఊడిపోయింది. మరుసటి ఏడాది మరమ్మతులు చేయించినప్పుడు హాలులోను, పడకగదులలోను కొన్ని గోడలకు చెక్క షీట్లు వేయించాము. చేతిలో ఉన్న డబ్బును బట్టి ఒక్కో చోట ఒక్కో రకం తీసుకోవడం వల్ల ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్క పీచును నొక్కి చేసే బోర్డు), పార్టికల్ బోర్డు (చెక్క రజనును, ముక్కలను నొక్కి చేసేది) ఒకే ఇంట్లో, ఒకే ఉప్పుగాలిలో ఎలా నిలిచాయో పక్కపక్కనే చూడగలిగాను. దుకాణంలో మాట ఎప్పుడూ పైన అంటించే మైకా రంగుతోనే మొదలవుతుంది. కానీ ఏ షీటు కొనాలో తేల్చవలసింది దాని వెనక ఉన్న గోడ అని ఇన్నేళ్ల వాడకంలో నాకు స్థిరపడిన అభిప్రాయం.

హాలులో వాన జల్లు నేరుగా కొట్టే బయటి గోడకు 12 మిల్లీమీటర్ల బీడబ్ల్యూపీ (మరిగే నీటిని తట్టుకునే) ప్లైవుడ్ వేసి, దానిపై టేకు వెనీర్ (పలుచని చెక్క పొర) అంటించారు. ఎండ పడే కిటికీ పక్కన వెనీర్ రంగు వెలిసింది తప్ప, షీటు వంగలేదు, పొర విడలేదు. ఐఎస్ 710 అనే భారతీయ ప్రమాణం కిందికి వచ్చే ఈ ప్లైలో పొరలను ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురుతో అతికిస్తారు, నమూనా ముక్కను 72 గంటలు మరిగే నీటిలో ఉంచి అతుకు నిలుస్తుందో లేదో పరీక్షిస్తారు. దుకాణాలలో ఎంఆర్ (తేమను తట్టుకునేది) అని అమ్మే రకానికి పెట్టే నీటి పరీక్ష 60 డిగ్రీల వేడి వరకే. అది పొడి గదిలోని అలమరకు చాలు గాని, సముద్రపు ఒడ్డున బయటి గోడకు చాలదు.

ఇక్కడ కొనేవారు జాగ్రత్త పడవలసిన విషయం ఒకటుంది. షీటు మీద 710 అని అచ్చు వేసినంత మాత్రాన అది ఆ ప్రమాణానికి చెందినదని నమ్మనక్కరలేదు. ఐఎస్ఐ గుర్తు కింద ఉండే సీఎంఎల్ (లైసెన్సు) నంబరును భారతీయ ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే, ఆ లైసెన్సు ఏ కంపెనీదో, ఏ సరుకుకో తెలిసిపోతుంది. తరువాత షీటును నిలబెట్టి నాలుగు అంచులు చూడాలి; లోపలి పొరల మధ్య సందులు కనిపించినా, వేలి కణుపుతో కొట్టినప్పుడు అక్కడక్కడ బోలు శబ్దం వచ్చినా ఆ షీటును వదిలేయడం మంచిది. అమ్మేవారు ఇప్పటికీ గర్జన్ అనే చెట్టు పేరు చెప్పి ధర పెంచుతారు. ఆ దుంగలు ఎక్కువగా వచ్చే మయన్మార్ 2014లోనే దుంగల ఎగుమతిని ఆపేసింది కాబట్టి ఆ మాటను కొంత తగ్గించి వినాలి. మనవైపు తోటల్లో పెరిగే జామాయిల్‌తో చేసిన లోపలి పొరలను చిన్నచూపు చూడవలసిన పనేమీ లేదు. చెట్టు పేరు కంటే జిగురు, పొరల అమరిక ముఖ్యం.

ఎండీఎఫ్ గురించి రెండు వేర్వేరు తీర్పులు చెప్పాలి. రెండు పడకగదుల మధ్య ఉన్న లోపలి గోడకు వేసిన ఎండీఎఫ్ నేటికీ కొత్తదానిలా ఉంది. దాని ఉపరితలం ప్లై కంటే నున్నగా ఉండడం వల్ల పెయింటు అద్భుతంగా కుదిరింది. గాడి తీసిన డిజైను అంచులు కూడా చెక్కుచెదరలేదు. మేము కొన్న రోజున దాని ధర ప్లై ధరలో సగం మాత్రమే. అదే సరుకును స్నానాల గదిని ఆనుకున్న గోడకు వేసినచోట మూడో వర్షాకాలానికే అడుగు అంచు ఉబ్బి, పెయింటు పగిలింది. ఎండీఎఫ్ అంటే చెక్క పీచును జిగురుతో కలిపి గట్టిగా నొక్కి తయారు చేసినది. నీరు తగిలి ఆ పీచు ఒకసారి ఉబ్బితే ఆరిన తరువాత కూడా మందం తగ్గదు. ముఖాల కంటే కోసిన అంచులు నీటిని ఎక్కువగా పీలుస్తాయి, కార్పెంటర్లు సాధారణంగా సీల్ చేయకుండా వదిలేసేవి కూడా అవే. ఆ భాగం తీసి, తేమను ఎక్కువగా తట్టుకునే హెచ్‌డీహెచ్‌ఎంఆర్ బోర్డు వేయించాము. అంచులకు ప్రైమర్ రెండు పూతలు పూయించిన తరువాత ఇంతవరకు ఇబ్బంది లేదు. టీవీ వెనక వేసిన పార్టికల్ బోర్డు మాత్రం ఇల్లు తుడిచే తడిబట్టకే అడుగున పొడిపొడిగా రాలింది. గోడ పనికి దాన్ని నేను ఎవరికీ చెప్పను.

గోడలో నెమ్ము ఉందో లేదో కంటికి తెలియకపోతే, రెండడుగుల పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి ఒక రోజు వదిలేయాలి. కవరు లోపలి వైపు చెమట పట్టినట్లు నీటి బిందువులు కనిపిస్తే, ముందు పైపు లీకో, బయటి పగులో సరిచేయించాలి. తడి గోడను చెక్కతో కప్పేస్తే కనబడకుండా పోతుందే గాని, ఆరదు.

షీటు కంటే ముందు చెడిపోయేది దాని వెనక ఆధారంగా గోడకు కొట్టే రీపర్లు (సన్నని పట్టీలు). మా హాలులో ప్లై చెక్కుచెదరకపోయినా, ఒక మూలలో చెదలు రీపర్లను లోపలి నుంచి తినేశాయి. షీటు అంచున సన్నని మట్టి గీత కనిపించే వరకు బయటికి ఏమీ తెలియలేదు. ఖరీదైన ప్లై కొని, రీపర్లకు మాత్రం చౌక కర్ర వాడడం మన దగ్గర చాలా మామూలు వ్యవహారం. రీపర్లను కూడా అదే ప్లై నుంచి చీల్చి వాడడమో, చెదల మందు పట్టించిన కర్రనో అల్యూమినియం గొట్టాలనో వాడడమో మేలు. ఏది వాడినా గోడకు, షీటుకు మధ్య గాలి ఆడేలా అంగుళం దాకా ఖాళీ ఉంచి, షీటు అడుగు అంచును నేలకు తగలకుండా కాస్త పైకి ఎత్తి, ఆ సందును విడిగా తీయగలిగే స్కర్టింగ్‌తో మూయాలి.

ముందువైపు ఒక మిల్లీమీటరు మైకా అంటించి వెనకవైపు ఏమీ వేయకపోతే, ఎనిమిదడుగుల షీటు ఒకవైపుకు వంగుతుంది. వెనక పలుచని లైనర్ మైకా వేయమని ముందే ఒప్పందంలో రాయించుకోవాలి. కొత్త ఎండీఎఫ్ గదిలో కొన్ని వారాలు ఘాటు వాసన ఉంటుంది కనుక, పసిపిల్లలు పడుకునే గదికి ఫార్మాల్డిహైడ్ తక్కువ వదిలే ఈ1 రకం అడిగి తీసుకుని, ఆ వారాలు కిటికీలు తెరిచి ఉంచాలి. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల 12 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ షీటు దాదాపు 26 కిలోల బరువుంటుంది. రీపర్లు బిగించే స్క్రూలు పుట్టీలో కాక ఇటుకలోకి దిగాయో లేదో ఇంటివారు దగ్గరుండి చూసుకోవడం అవసరం.

కరెంటు తీగలు షీటు వెనక వదులుగా వేలాడకూడదు. వాటిని పైపులో పెట్టించి, స్విచ్ బాక్సును షీటు ముఖం దాకా ముందుకు తెప్పించాలి. పైపులు, తీగలు పోయే చోట షీటును జిగురుతో శాశ్వతంగా అంటించకుండా, తలలు కనిపించినా సరే, స్క్రూలతోనే బిగించమనాలి. మా స్నానాల గది గోడలో లీకు బయటపడినప్పుడు ఆ ఒక్క షీటు విప్పి పైపు మార్చి మళ్లీ బిగించారు. జిగురు పెట్టి ఉంటే గోడంతా పగలగొట్టవలసి వచ్చేది. మైకా కొనేటప్పుడు ఒక షీటు అదనంగా తీసుకుని మంచం కింద పరిచి ఉంచుకోవడం కూడా మంచిది, ఎందుకంటే కంపెనీలు షేడ్లను తరచుగా మార్చేస్తాయి. తరువాత ఒక్క ముక్క కావాలన్నా అదే రంగు దొరకదు.