ఆ కుర్చీ నాది, అమ్మకానికి లేదు

నాకు పాత టెలిస్కోపు అమ్మి మోసం చేసినవాడు ఈ ఉదయం ఏడున్నరకు మళ్లీ ప్రకటన పెట్టాడు. "ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపు, కొత్తదానిలా ఉంది. కూర్చుని చూడటానికి కుర్చీ ఉచితం." డాబ్సోనియన్ అంటే గొట్టం అడుగున పెద్ద అద్దంతో, పీట మీద తిరిగే టెలిస్కోపు. ప్రకటన కింద ఫోటో. ఆ ఫోటోలో ఉన్న కుర్చీ నాది. నా చేతులతో చేసుకున్నది. ఇది రాస్తున్న ఈ నిమిషంలో కూడా నా వెనక వరండాలోనే ఉంది. దాన్ని ఉచితంగా ఎవరికి ఎలా ఇస్తాడో చూస్తాను.

ఎవరి గురించి రాస్తున్నానో మీలో చాలామందికి ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. మన గ్రూపులో శని గ్రహం బొమ్మ పెట్టుకుని, ఎవరు ఏ సందేహం అడిగినా అర్ధరాత్రి అయినా సరే ఓపికగా జవాబిచ్చే ఆ పెద్దమనిషే. పేరు రాయను. రాస్తే పరువు పోయిందంటాడు, ఉన్నదేదో చూపించమని నేనంటాను, ఆ గొడవ వద్దు. ప్రస్తుతానికి శనిగారు అందాం. ఏలిన్నాటి శని ఏడున్నరేళ్లు ఉంటుందంటారు. నన్ను పన్నెండు వారాలకే వదిలింది, ముప్పై నాలుగు వేలు తీసుకుని.

మాది అనంతపురం జిల్లాలో చిన్న ఊరు. వానలు లేవని ఊరంతా దిగులు పడుతుంటుంది, ఆకాశం చూసే నాకు మాత్రం అదే వరం. పెరట్లో వేపచెట్టున్న మూల వదిలేస్తే మిగతాదంతా చుక్కలే. పదేళ్లు బైనాక్యులర్లతో సరిపెట్టుకున్నాను. పిల్లలకోడిలో చుక్కలు లెక్కపెట్టాను, గొల్లకావడి కింద మసకగా కనిపించే ఆ చిన్న పొగను చూసి ఇది ఇంకాస్త పెద్దగా కనిపిస్తే ఎంత బాగుంటుందో అనుకున్నాను. కొత్త టెలిస్కోపుకు డబ్బు చాలలేదు. పాతదానికి శనిగారు దొరికారు.

గత నవంబరు 2న, కార్తీక పౌర్ణమికి ముందటి ఆదివారం, మా అమ్మాయిని వెంటబెట్టుకుని హైదరాబాద్‌లో ఆయన మేడ ఎక్కాను. అబద్ధం చెప్పను, ఆ రాత్రి అందులో చూసింది అద్భుతం. చంద్రుడి మీద గుంటల అంచులు బ్లేడుతో కోసినట్టున్నాయి. ఆ దగ్గర్లోనే శని. 2025 మార్చిలో శని వలయాలు సరిగ్గా మన వైపు అంచు తిప్పాయి కదా, సుమారు పదిహేనేళ్లకోసారి జరిగే ముచ్చట అది. నవంబరు నాటికి కూడా గ్రహంలో సూది గుచ్చినట్టు సన్నని గీతగానే ఉన్నాయి. అంత సన్నని గీత కూడా చెదరకుండా కనిపించింది. మా అమ్మాయి గొట్టంలోకి ఫోను పెట్టి, అడుగున ఉన్న పెద్ద అద్దంలో తన ముఖాన్ని తానే ఫోటో తీసుకుంది. ఆ ఫోటోతో తరవాత పనిపడింది.

బేరం కుదిరాక శనిగారు అన్నారు: "గొట్టం, పీట బస్సులో తీసుకెళ్లండి సార్. అద్దం మాత్రం వద్దు. కుదుపులకు పగిలిందంటే నాకు నిద్ర పట్టదు. విప్పి, థర్మకోల్‌లో పెట్టి నేనే పార్సిల్ చేస్తాను." అద్దాన్ని విడిగా పంపడం తెలిసినవాళ్లు చేసే పనే, అందుకే అనుమానం రాలేదు. అయినా పదివేలు ఆపుకుని అద్దం చేరాక పంపుతానన్నాను. అన్నానండీ! ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. ఆయన ముఖం చిన్నబోయింది. "నమ్మకం లేదా సార్?" అన్నారు. అప్పుడే లోపలి నుంచి కాఫీలు వచ్చాయి. ఆ కాఫీ తాగుతూ మొత్తం ముప్పై నాలుగు వేలూ ఫోనులో పంపేశాను. మొహమాటానికి పోతే ఏమవుతుందో మన పెద్దవాళ్లు ఒక సామెతలో చెప్పారు. అది ఇక్కడ రాయలేను, మీకు తెలిసిందే.

అద్దం రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ వట్టి గొట్టాన్ని పెట్టుకుని ఏం చేయాలో తోచక కుర్చీ మొదలుపెట్టాను. డాబ్సోనియన్ వాడినవాళ్లకు ఈ బాధ తెలుసు. ఐపీసు, అంటే కన్ను పెట్టి చూసే కటకం, గొట్టం పై చివర ఉంటుంది. నడినెత్తిన ఉన్నదాన్ని చూడాలంటే అది నిలబడ్డ మనిషి రొమ్ము దాకా లేస్తుంది, ఆకాశం అంచున ఉన్నదాన్ని చూడాలంటే నడుము కిందికి దిగుతుంది. నిలబడితే ఎక్కువ, మామూలు కుర్చీలో కూర్చుంటే తక్కువ. పావుగంట నడుము వంచి చూశామంటే రాత్రి చుక్కలు సరే, పగలే చుక్కలు కనిపిస్తాయి. అందుకని సీటు పైకీ కిందికీ జరిగే కుర్చీ కావాలి.

పాత ఇంటి దర్వాజా కలప అటక మీద ఉంటే దింపి కోయించాను. రెండు నిలువు బద్దలు, వాటికి ఆసరాగా వెనక వాలుకాళ్లు, ముందు వైపు ఐదేసి సెంటీమీటర్ల ఎడంతో అడ్డంగా రీపర్లు. సీటు వెనక ఒక పన్ను ఉంటుంది. దాన్ని ఏ రీపరు మీద ఆనిస్తే ఆ ఎత్తులో ఆగుతుంది, కూర్చున్నవాడి బరువే దాన్ని బిగించి పట్టుకుంటుంది. అన్నిటికన్నా కింద ముప్పై సెంటీమీటర్లు, అన్నిటికన్నా పైన ఎనభై. మొదటిసారి ఆ పన్ను విరిగి వెల్లకిలా పడ్డాను. మా అమ్మ వరండాలోంచి "చుక్కలు బాగా కనిపిస్తున్నాయా నాయనా?" అని అడిగింది. రెండోసారి పన్నుకు ఇనుప పట్టీ వేయించాను. మెత్త కోసం మా నాన్నగారి చేతక్ స్కూటరు సీటు తీసి బిగించాను. దాని మూల చిరిగితే అమ్మ పచ్చ గుడ్డతో మాసిక వేసింది. ఆ ముచ్చటంతా ఫోటో తీసి ఎవరికి పంపాననుకున్నారు? శనిగారికే. మూడు చప్పట్ల బొమ్మలు వచ్చాయి. "కొలతలు పంపండి సార్, నేనూ చేయించుకుంటాను." కొలతలు కూడా పంపాను. బుద్ధి గడ్డి తినడం అంటే ఇదే.

అద్దం వచ్చింది. బిగించాను. ఆ రాత్రి నుంచి కథ మారింది.

ఏ చుక్కను చూసినా పగిలిన పత్తికాయలా ఉంది. ఫోకస్ ఇటు తిప్పితే ఒకలా మసక, అటు తిప్పితే ఇంకోలా మసక, మధ్యలో స్పష్టంగా ఉండాల్సిన చోటే లేదు. అడిగితే "అద్దం చల్లబడనివ్వండి సార్, గంట బయట ఉంచండి" అన్నారు. రెండు గంటలు ఉంచాను. "అద్దాలు వరుసలో లేవు, కాలిమేషన్ చేయండి" అన్నారు. దానికి లేజరు పరికరం కొన్నాను, పద్దెనిమిది వందలు. శని బాగాలేదంటే "ఈ ఏడాది వలయాలు సన్నగానే ఉంటాయి సార్" అన్నారు. చూశారా, అది నిజమే! సగం నిజం చెప్పేవాడిని పట్టుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. చివరికి చాలా మృదువుగా, "వయసు వస్తోంది కదా సార్, ఒకసారి కళ్లు చూపించుకోండి" అన్నారు. నేను వెళ్లి చూపించుకున్నాను కూడా. డాక్టరమ్మ కళ్లు శుభ్రంగా ఉన్నాయంది. మరి దేనికి వచ్చారని అడిగింది. శని సరిగ్గా కనిపించడం లేదని చెప్పాను. ఆవిడ నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.

జనవరి 10 రాత్రి గురుడు సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కున, మిథునంలో పునర్వసు చుక్కల పక్కన దగదగలాడుతున్నాడు. అర్ధరాత్రికి దాదాపు నడినెత్తిన. సీటు పై రీపరుకు ఎక్కించి, మఫ్లరు చుట్టుకుని కూర్చున్నాను. ఎనిమిది అంగుళాల టెలిస్కోపులో నూట ఇరవై రెట్లు పెంచి చూస్తే రెండు గోధుమ రంగు పట్టీలు చక్కగా విడివిడిగా కనిపించాలి. నాకు కనిపించింది నూనె చేత్తో తుడిచిన కళ్లద్దాల్లోంచి చూసిన వీధి దీపం. నాలుగు ఉపగ్రహాలు నాలుగు మరకలు. కుర్చీ మాత్రం సింహాసనంలా ఉంది.

సంక్రాంతి వెళ్లాక మా వీధిలో ఉండే రిటైరైన ఫిజిక్స్ మేష్టారి దగ్గరకు అద్దం ఎత్తుకెళ్లాను. ఆయన నూట అరవై ఏళ్లకు పైగా వాడుకలో ఉన్న ఫూకో పరీక్ష చేశారు, అద్దం వంపు సరిగ్గా ఉందో లేదో చూసే పరీక్ష అది. కావలసింది గడ్డం గీసుకునే బ్లేడు ఒకటి, సూది బెజ్జం పొడిచిన రేకు వెనక చిన్న దీపం ఒకటి. నాభ్యంతరం, అంటే అద్దం నుంచి వెలుగు ఒకచోట చేరే బిందువుకు ఉన్న దూరం, 1200 మిల్లీమీటర్లు కాబట్టి దానికి రెట్టింపు, అంటే 2.4 మీటర్ల దూరంలో కూర్చుని, అద్దం నుంచి తిరిగి వచ్చే వెలుగును బ్లేడుతో మెల్లగా కోస్తారు. అద్దం పరావలయ ఆకారంలో, అంటే చుక్క వెలుగునంతా ఒకే చోట చేర్చే సరైన వంపులో ఉంటే నీడలు పడి గారెలా కనిపిస్తుంది, మధ్యలో చిల్లు లాంటి పల్లంతో సహా. గోళాకారంలో ఉంటే అద్దమంతా ఒక్కసారే మసకబారి, అట్టులా చదునుగా కనిపిస్తుంది.

గారె రావాల్సిన చోట అట్టు వచ్చింది.

మేష్టారు బ్లేడు కింద పెట్టి, "ఇది కంపెనీ అద్దం కాదు నాయనా. ఎవరో నేర్చుకుంటూ నూరి, గోళాకారం దాకా వచ్చి ఆపేసిన అద్దం" అన్నారు. నా గుండె జారింది. అద్దాలు నూరడం తనకు సరదా అని, మేడ మీద ఒక గదిలో నూరుతుంటానని శనిగారు ఆ రోజు ఎంత గొప్పగా చెప్పుకున్నారో గుర్తొచ్చింది. ఇంటికి పరుగెత్తి అమ్మాయి ఫోనులో ఆ రాత్రి ఫోటో వెతికి చూశాను. తన ముఖం మీద, సరిగ్గా అద్దం నడుమ, కాలిమేషన్ కోసం కంపెనీవాళ్లు అంటించే చిన్న వలయం గుర్తు ఉంది. నా దగ్గరున్న అద్దం మీద ఆ గుర్తు లేదు. అంటించిన జాడ కూడా లేదు. మంచి అద్దం ఆయన దగ్గరే ఉండిపోయింది. ఆయన పాఠం నేర్చుకున్న అద్దం నాకు పాఠం చెప్పడానికి వచ్చింది.

ఫోను చేశాను. దబాయిస్తాడనుకున్నాను, లేదా ఎత్తడనుకున్నాను. ఎత్తాడు. అంతా విన్నాడు. కాదనలేదు! నవ్వాడు.

"సార్, గోళానికీ పరావలయానికీ ఆ సైజులో తేడా ఎంతో తెలుసా మీకు? మైక్రాన్ దాటదు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. దానికి ఇంత గొడవా?"

నాకు మాట రాలేదు. ఆయన చెప్పిన లెక్క తప్పు కాదు, అదే మండుతోంది. ఫోను పెట్టేసిన అరగంటకు జవాబు తట్టింది: కాంతి తరంగం పొడవే అర మైక్రాన్ కదయ్యా, మైక్రాన్ తప్పితే ఇంకేం మిగిలింది, ఆ వెయ్యో వంతు కోసమే కదా నేను ముప్పై నాలుగు వేలిచ్చింది, అంత చిన్న తేడా అయితే మంచిది నాకిచ్చి ఇది నువ్వే ఉంచుకోకపోయావా? ఇవేవీ అప్పుడు నోటికి రాలేదు. మౌనంగా ఉండేసరికి నేను మెత్తబడ్డాననుకున్నాడో ఏమో, గొంతు తగ్గించి, ఎంతో ఆప్యాయంగా అన్నాడు:

"మీకు కుర్చీ బాగా కుదిరింది కదా సార్. హాయిగా కూర్చుని చూస్తూ ఉండండి. అదే అలవాటవుతుంది."

డబ్బు పోయినందుకు నాకు నిద్ర పట్టింది. ఈ మాటకు పట్టలేదు. ఇప్పటికీ సీటు పన్ను రీపరు మీద టక్కున పడిన ప్రతిసారీ ఆ గొంతు వినిపిస్తోంది. గమనించారో లేదో, పైన ఎక్కడో "ఆయన, అన్నారు" అని మొదలుపెట్టి ఇక్కడికొచ్చేసరికి ఏకవచనంలోకి దిగాను. దిద్దను.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని సామెత. కానీ నానబోసినవాడిది తప్పు లేదా అంటే ఉంది. చూసిన అద్దాన్ని చూసినట్టే ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాల్సింది. ఆ అద్దం మా అమ్మాయి ఒళ్లో కూర్చుని పసిపిల్లలా వచ్చేది. సైబర్ మోసాల ఫిర్యాదుల నంబరు 1930కి ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, ఏమవుతుందో చూద్దాం.

కొనేవాళ్లకు చెప్పాల్సినవి రెండు మూడే. అద్దాన్ని మీ కళ్ల ముందు విప్పించి, దాని ముఖమూ వీపూ ఫోటో తీసుకోండి, గుర్తులు కనిపించేలా. రాత్రిపూట ఒక ప్రకాశవంతమైన చుక్కను, రోహిణినో మరొకదాన్నో, ఎక్కువ పెంపుతో చూసి ఫోకస్‌కు ఇటూ అటూ కొంచెం కొంచెం తిప్పండి. రెండు వైపులా ఒకేలాంటి వలయాలు రావాలి. ఇది అమ్మేవాళ్ల మేడ మీదే కాదు, మీ ఇంటికి చేరాక కూడా చేసి, అప్పుడు మిగతా డబ్బు ఇవ్వండి. ఎవరైనా కాఫీ ఇస్తే తాగండి, ఫోను మాత్రం జేబులోంచి తీయకండి.

ఈ ఉదయం ప్రకటనలో పెట్టినది నేను ఆయనకు పంపిన ఫోటోనే. టెలిస్కోపు ఉన్న పక్క కత్తిరించి, తన టెలిస్కోపు బొమ్మ అతికించాడు. కుర్చీ పక్క కత్తిరించే ఓపిక లేనట్టుంది. స్కూటరు సీటు, పచ్చ మాసిక, వెనక మా వేపచెట్టు, ఆ చెట్టుకు కట్టిన తీగ మీద ఆరేసిన మా అమ్మ నీలం చీర, అన్నీ అలాగే ఉన్నాయి. అమ్మకు చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి, "చీర కూడా ఉచితమేనటనా?" అని అడిగింది.