గడులు లెక్కపెట్టనిచ్చే చేతి ఈసీజీ పరికరం: చాలాకాలం వాడాక నా మాట

రెండు చేతుల వేళ్లను లోహపు పలకలపై ఆనిస్తే 30 సెకన్ల ఈసీజీ తీసే చిన్న పరికరమిది. బ్యాటరీ, యాప్ సంగతులు అందరికీ తెలిసినవే. నేను దీన్ని వదలకపోవడానికి కారణం, అది గీతను గళ్ల కాగితంపై అచ్చు వేసుకునేలా ఇవ్వడమే.

అప్పుడప్పుడు నా గుండె ఒక్క క్షణం ఆగి, వెంటనే ఛాతీలో గట్టిగా తన్నినట్లు అనిపిస్తుంది. నా విషయంలో అది ప్రమాదం లేని అదనపు స్పందనేనని డాక్టరు ఇదివరకే తేల్చారు. లోపల జరిగేదేమిటో మాత్రం, సరిగ్గా ఆ సమయంలో దొరికిన ఒక పట్టీ చూశాకే బోధపడింది. చిన్న గడి అంటే 0.04 సెకను. మామూలు స్పందనల మధ్య 20 గడులున్నాయి, అంటే నిమిషానికి 75. ఒకచోట మాత్రం 12 గడులకే, ముందు పీ తరంగం (కర్ణికలు, అంటే గుండె పైగదుల విద్యుత్ గుర్తు) లేకుండా, వెడల్పాటి క్యూఆర్ఎస్ (జఠరికలు, అంటే కింది గదుల విద్యుత్ గుర్తు) లేచింది. ఆ తర్వాత 28 గడుల ఎడం. రెండూ కలిపితే సరిగ్గా 40, అంటే రెండు మామూలు ఎడాల మొత్తం! తొందరపడిన స్పందన జఠరికల్లో పుట్టింది. గుండె లయను నడిపే ఎస్ఏ నోడ్ దాన్ని పట్టించుకోకుండా తన వేళకు సంకేతం పంపినా, సంకేతాన్ని పైగదుల నుంచి కిందికి చేరవేసే ఏవీ నోడ్, జఠరికల కండరం ఇంకా కోలుకోనందున అది వృథా అయింది. తర్వాతిది యథావిధిగా వచ్చింది. ఆ ఎడంలో జఠరికలు మరింత రక్తంతో నిండుతాయి, ఎక్కువ సాగిన కండరం ఎక్కువ బలంగా ముడుచుకుంటుంది. నాకు తన్నులా తగిలేది ఆ తర్వాతి మామూలు స్పందన!

అయితే పీ తరంగం లేదని అంత ధీమాగా చెప్పగలగడం పట్టీ శుభ్రంగా వచ్చినందువల్లే. కర్ణికల గోడలు పలుచన కనుక ఆ తరంగం చిన్నది. చేతులు బిగిస్తే వాటి కండరాల విద్యుత్తులో అది మునిగిపోతుంది. వేళ్లు పొడిబారినా గీత చెదురుతుంది, కొంచెం తడి చేసుకుంటే కుదురుకుంటుంది. 20వ శతాబ్దం తొలినాళ్లలో ఈసీజీకి ఆద్యుడైన ఐంథోవెన్ చేతులను ఉప్పునీటి తొట్లలో ముంచమన్నదీ ఇందుకే. పరికరం తానుగా ఇచ్చే తీర్పును నేను చదవడం మానేశాను, ఎందుకంటే రెండు మూడు అదనపు స్పందనలు పడితే చాలు, లయ అస్తవ్యస్తమని హెచ్చరిస్తుంది.

పైగా ఇది చూసేది రెండు చేతుల మధ్య ఉన్న, గుండె విద్యుత్తును ఒకే కోణం నుంచి చూపే ఒక్క లీడ్‌నే. గుండెపోటును దీనితో తోసిపుచ్చలేం, ఛాతీనొప్పి వస్తే దీన్ని వెతుక్కుంటూ కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. నాలా రోగనిర్ధారణ ముందే జరిగి, గడులు లెక్కపెట్టే ఓపిక ఉన్నవారికి పనికొస్తుంది. ప్రతి హెచ్చరికకూ కంగారుపడేవారికి కొనమని చెప్పలేను.