తెలుగు మీడియం పాఠ్యపుస్తకాన్ని ఫోన్ చదివేలా చేయడం: ఆరేళ్ల వాడకం తర్వాత

చూపులేని పిల్లలకు, అచ్చు చదవడం కష్టమైన పిల్లలకు ఫోన్‌తో పాఠం చదివించాలంటే ఇంగ్లిష్ పుస్తకమైతే పెద్ద చిక్కు లేదు. 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో వైకల్య ధ్రువపత్రం చూపి సభ్యత్వం తీసుకుంటే చాలు, పుస్తకాలు ఉచితం. ఆడియో కాకుండా టెక్స్ట్ ఈపబ్ (ఈ-బుక్ ఫైలు) దించుకోండి. 64 కేబీపీఎస్ ఆడియో గంటకు 29 ఎంబీ దాకా తింటుంది, టెక్స్ట్ అయితే పుస్తకమంతా కలిపి కొన్ని ఎంబీలే. అనంతపురం దాటి పల్లెల్లోకి వెళ్తే ఈ తేడా విలువ తెలుస్తుంది.

అసలు పని తెలుగు మీడియం దగ్గర. పీడీఎఫ్ ఉంది గదా అని కాపీ కొడితే పిచ్చి గుర్తులు వస్తాయి. యూనికోడ్ (ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ గుర్తించే అక్షర సంకేతాలు) కాని డీటీపీ ఫాంట్లలో కూర్చిన పుస్తకం మన కంటికి తెలుగే గానీ, తెర మీది అక్షరాలను పైకి చదివే స్క్రీన్ రీడర్‌కు కాదు. ఫాంట్ కన్వర్టర్లతో కుస్తీ పట్టడం కన్నా పేజీలను 300 డీపీఐ బొమ్మలుగా మార్చి ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను టెక్స్ట్‌గా మార్చడం) చేయడమే నయం. అయితే మన ద్విభాషా పుస్తకాల్లో ఒకవైపు ఇంగ్లిష్, ఎదురుగా తెలుగు. ఉన్నదున్నట్టు ఇస్తే వాక్యం సగంలో తెగి మధ్యలో ఇంగ్లిష్ పేజీ దూరుతుంది. ముందే ప్రింట్ సెట్టింగుల్లో సరి పేజీలు ఒకటి, బేసి పేజీలు ఒకటిగా రెండు పీడీఎఫ్‌లు చేసుకోండి.

తర్వాత దిద్దుబాటు. ధ–థ, మ–య తారుమారు కావడం ఎవరికైనా కనిపిస్తుంది. కనిపించనిది సున్న. 'ం' ఉండాల్సిన చోట తెలుగు అంకె '౦' పడుతుంది, చూపుకు రెండూ ఒకటే. ఫోన్ మాత్రం అనంతపురాన్ని 'అన సున్నా తపుర సున్నా' అంటుంది. వెతికినా ఆ మాట దొరకదు. ఫైండ్-రీప్లేస్‌లో ఒక్క దెబ్బకు పోతుంది. మన పుస్తకాల్లో అంకెలు 1, 2, 3 అనే ఉంటాయి కాబట్టి నిశ్చింతగా చేయొచ్చు. ఏదేమైనా ఒక పాఠం కళ్లు మూసుకుని వినందే ఫైలు ఎవరికీ ఇవ్వకండి.

లెక్కల్లో ఓసీఆర్‌ను నమ్మనే వద్దు. 3/4 మధ్య గీత ఎగిరిపోయి 34 అవుతుంది, పిల్లవాడు జవాబు తప్పని తనను తానే తిట్టుకుంటాడు. భిన్నాలు చేత్తో టైప్ చేయాల్సిందే. బ్రెయిలీ వచ్చిన పిల్లలకు లెక్కలు బ్రెయిలీలోనే మేలు, కాకపోతే అచ్చులో ఒక పేజీ అక్కడ రెండు మూడు పేజీలవుతుంది.

దిద్దిన ఫైలును వర్డ్‌లో తెరిచి పాఠం పేరుకు హెడింగ్ 1, ఉపశీర్షికకు 2, అచ్చు పేజీ నంబరుకు 3 పెట్టండి. క్లాసులో సారు '42వ పేజీ తీయండ్రా' అన్నప్పుడు కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ బ్రౌజ్ మోడ్‌లో 3 కొట్టుకుంటూ పోతే పేజీ దొరుకుతుంది. పేజీ నంబర్లు తీసేసిన ఫైలు ఇంట్లో వినడానికే పనికొస్తుంది. చివరికి వర్డ్‌టుఈపబ్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఈపబ్ చేయడం నిమిషాల పని, అదీ ఉచితమే.

ఇది పైరసీ కదా అని జంకేవాళ్లున్నారు. కాదు. 2012 సవరణతో కాపీరైట్ చట్టం 52(1)(జెడ్‌బి) వైకల్యం ఉన్నవారి చదువు కోసం ఇలా మార్చుకోవడాన్ని అనుమతిస్తోంది. ఆ ఫైలు అందరికీ వాట్సాప్‌లో పంచితే మాత్రం ఆ రక్షణ ఉండదు.

డిస్లెక్సియా (చూపు బాగున్నా అక్షరాలు చదవడం కష్టమయ్యే స్థితి) ఉన్న పిల్లలకు ఇదే ఈపబ్ ఈజీరీడర్ అనే చదివే యాప్‌లో తెరవండి. చదువుతున్న వాక్యం రంగులో వెలుగుతుంది, చెవీ కన్నూ కలిసి నడుస్తాయి. వరుసల ఎడం పెంచి, వేగం మామూలు కన్నా కొంచెం తగ్గించండి. చూపులేని పిల్లలకు పెట్టే వేగం వీళ్లకు పెడితే రెండో రోజే ఫోన్ పక్కన పడేస్తారు.