నీటిబొట్టులో పువ్వు ఫోటోకి ఏది మేలు? మాక్రో లెన్సా, ట్యూబులా, రివర్స్ రింగా?

గడ్డిపరక చివర నీటిబొట్టు, అందులో వెనకాల పెట్టిన జెర్బెరా పువ్వు మొత్తం బుల్లిగా... ఈ టైపు ఫోటో చూడగానే అందరూ అడిగేది మాక్రో లెన్స్ (చిన్నవాటిని పెద్దగా తీసే లెన్స్) ఎంతవుద్ది అని. ఈ ఒక్క పనికోసమైతే అది కొనక్కర్లేదనేది నా మాట, ఇంట్లో 50 ఎంఎం లెన్స్ పడుంటే ఎక్స్‌టెన్షన్ ట్యూబుల సెట్టు సరిపోద్ది, అంటే కెమెరాకీ లెన్స్‌కీ మధ్య బిగించే ఖాళీ గొట్టాలు.

అసలు మాక్రో లెన్స్‌కి అంత డబ్బు దేనికి పోస్తామో చూడండి. కాస్త దూరం నుంచే తీయొచ్చు, ఆటోఫోకస్ ఉంటది, ఫోటో మూలల దాకా షార్ప్‌గా వస్తది. తూనీగల్ని, సీతాకోకచిలకల్ని తీసేవాళ్ళకి ఆ దూరం ప్రాణంతో సమానం, దగ్గరికెళ్తే ఎగిరిపోతాయి కాబట్టి. బొట్టు ఎక్కడికీ ఎగిరిపోదు కదా. ఫోకస్ ఎలాగూ మాన్యువల్‌లో పెట్టి కెమెరానే ముందుకీ వెనక్కీ జరుపుకుంటాం, మూలల్లో ఉండేదంతా బ్లరే. లెన్స్ మరీ దగ్గరకొస్తే దాని నీడ పడుద్దని ఇంకో భయం, కానీ ఇక్కడ వెలుతురు పడాల్సింది వెనకున్న పువ్వు మీద, బొట్టు మీద కాదు. బొట్టుకి ముందు నుంచి లైటు తగిలితే తెల్లటి చుక్కలు మెరిసి పువ్వు సరిగ్గా కనపడదు కూడా. అంటే ట్యూబులతో బాగా దగ్గరికెళ్ళాల్సి రావడమనే పెద్ద లోపం ఈ పనిలో లోపమే కాదు.

ట్యూబుల లెక్క సింపుల్. ట్యూబు పొడవుని లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో (లెన్స్ మీద రాసుండే ఎంఎం అంకె) భాగిస్తే సెన్సర్ మీద బొమ్మ అసలు సైజుకి ఎన్ని రెట్లో వచ్చేస్తది. కెంకో కంపెనీ సెట్టులో 12, 20, 36 ఎంఎం ట్యూబులు ఉంటాయి, మూడూ కలిపితే 68 ఎంఎం, దాన్ని 50 ఎంఎం లెన్స్‌కి పెడితే దాదాపు 1.36 రెట్లు, చిన్న బొట్టుకి ఇది ఎక్కువే. కాంటాక్టులు (కెమెరా సిగ్నల్‌ని లెన్స్‌కి అందించే లోహపు చుక్కలు) ఉన్నవే తీసుకోండి, లేనివి చవకే గానీ ఇప్పటి లెన్సుల్లో చాలావాటికి వాటితో అపర్చర్, అంటే లెన్స్‌లో కాంతి వచ్చే రంధ్రం సైజు మారదు. లైటు తగ్గుద్ది, 1:1 దగ్గర, అంటే బొమ్మ సెన్సర్ మీద అసలు సైజులోనే పడేచోట, రెండు స్టాపులు పోయినట్టే (లైటు నాలుగో వంతే మిగులుద్ది), కాబట్టి ట్రైపాడ్ తప్పదు. కెమెరాతో పాటు వచ్చే 18-55 కిట్ లెన్స్ ఉన్నవాళ్ళు 55 దగ్గర పెట్టుకోండి, 18లో పెద్ద ట్యూబు వేస్తే ఫోకస్ పాయింటు లెన్స్ లోపలికే వెళ్ళిపోద్ది.

రివర్స్ రింగ్, అంటే లెన్స్‌ని ముందువెనకలు మార్చి కెమెరాకి బిగించే రింగు, అన్నిటికన్నా చవక, కిట్ లెన్స్‌ని 18 దగ్గర పెట్టి అలా బిగిస్తే మాక్రో లెన్స్ కూడా చూపించనంత పెద్దగా చూపిస్తది. కెనాన్ వాళ్ళు ముందే ఎఫ్/8 పెట్టి, డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ప్రివ్యూ బటన్ (ఫోటో తీయకముందే అపర్చర్‌ని మూసి చూపించేది) నొక్కిపట్టి లెన్స్ ఊడదీస్తే అపర్చర్ అలాగే ఆగిపోద్ది, అదో చిట్కా. కానీ నీళ్ళతో చేసే పనికి నేను దీన్ని రికమెండ్ చేయను, లెన్స్ వెనక అద్దం, కాంటాక్టులు బయటికొచ్చి బొట్టుకి రెండంగుళాల లోపే ఉంటాయి, పక్కనే మనం స్ప్రే కొడుతుంటాం!

55-250 లాంటి జూమ్ ఉన్నవాళ్ళయితే ట్యూబులు కూడా వద్దు, రేనాక్స్ డీసీఆర్-250 అనే క్లోజప్ లెన్స్ ముందు క్లిప్ చేసుకోండి. పవర్ 8 డయాప్టర్లు, లైటు తగ్గదు, 250 దగ్గర రెండు రెట్లు వస్తది. ఫోన్ క్లిప్ లెన్సులు సరదాకి ఓకే, అంతకుమించి చెప్పేదేం లేదు.

ఇంక నీళ్ళా, గ్లిజరినా? నన్నడిగితే లెన్స్ కంటే ఇదే పెద్ద ప్రశ్న. బొట్టు కూడా ఒక లెన్సే కదా, పువ్వు బొమ్మ బొట్టు లోపల ఉండదు, బొట్టుకి కాస్త ముందు గాల్లో తలకిందులుగా ఏర్పడుద్ది. అందుకే బొట్టు అంచుకి ఫోకస్ చేస్తే పువ్వు బ్లర్, పువ్వుకి చేస్తే అంచు బ్లర్. 1:1 దగ్గర ఎఫ్/8 పెట్టినా ఫోకస్‌లో ఉండేది మిల్లీమీటరు కూడా కాదు మరి. నీళ్ళ వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుద్దో చెప్పే అంకె) 1.33, గ్లిజరిన్‌ది 1.47, అది కాంతిని ఎక్కువ వంచుద్ది కాబట్టి బొమ్మ బొట్టుకి దగ్గరగా వచ్చి రెండూ షార్ప్‌గా దొరికే ఛాన్స్ పెరుగుద్ది. పైగా మన బెజవాడ మేలో నీళ్ళ బొట్టు మీరు ఫోకస్ సరిచేసుకునేలోపే చిక్కిపోద్ది, ఫ్యాను కట్టేస్తే మనం చిక్కిపోతాం. సగం నీళ్ళు సగం గ్లిజరిన్ కలిపి సిరంజితో కాకర నులితీగ మీద పెట్టి చూడండి, చాలాసేపు కదలకుండా నిలబడుద్ది. గ్లిజరిన్, సిరంజి రెండూ మెడికల్ షాపులో దొరికేవే.

అసలు మంచు బొట్లే కావాలంటే డిసెంబరు, జనవరిలో పొద్దున్నే ఉండవల్లి, పెనుమాక పొలాల వైపు వెళ్ళొచ్చు, ఆ తాజాదనం గ్లిజరిన్‌కి రాదు, ఒప్పుకుంటా. కానీ గాలి మన మాట వినదు, బొట్టు వెనక పువ్వు ఎలాగూ మనమే పట్టుకెళ్ళి గుచ్చాలి.

పువ్వు విషయంలో జెర్బెరా, ఒంటిరేకు చామంతి బెస్ట్, రేకులు విడివిడిగా తెలుస్తాయి. గులాబీ, ముద్దబంతి బొట్టులో ఉత్త రంగు మరకలా ఉంటాయి. బొట్టుకి నాలుగైదు అంగుళాల వెనక పెట్టండి, ఇంకా వెనక్కి జరిపితే బొట్టులో పువ్వు చిన్నదైపోద్ది. కాడ కిందికే కనపడాలంటే పువ్వుని తలకిందులుగా కట్టండి, లేదా తీశాక ఫోటోనే తిప్పేయండి, కాకపోతే అప్పుడు బొట్టు పైకి వేలాడుతున్నట్టు ఉంటది.