తెలుగు ఈబుక్ కొనేముందు జాగ్రత్త, లోపల ఏముందో చూసుకోండి

తెలుగు ఈబుక్స్ కొనేవాళ్ళు ఒకసారి ఇది చదవండి. నేను కొన్న యాప్ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇది ఆ ఒక్క యాప్‌తో పోయేది కాదు.

మా నాన్నకి ఈమధ్యే కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, పుస్తకంలో చిన్నచ్చు చదవలేకపోతున్నారు, ట్యాబ్‌లో అయితే అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు కదా అని ఆయనకిష్టమైన ఒక పాత నవల ఈబుక్ కొన్నాను. అచ్చు పుస్తకం 200, ఈబుక్ 180. తీరా ఓపెన్ చేస్తే అన్నీ స్కాన్ చేసిన పేజీలు! ఫాంట్ సైజు మారదు, వేళ్ళతో జూమ్ చేస్తే సగం లైను స్క్రీన్ బయటికి పోతుంది, ప్రతి లైనుకీ అటూ ఇటూ జరుపుకుంటూ చదవాలి. కొన్ని పేజీలైతే వంకరగా పడి లైను చివరి అక్షరాలు మడతలో కలిసిపోయాయి. నాన్న రెండు పేజీలు చదివి ట్యాబ్ పక్కన పెట్టేశారు. శాంపిల్‌లో మాత్రం ముందుమాట శుభ్రంగా టైప్ చేసి పెట్టారు, అది చూసే నేను కొన్నది. రీఫండ్ అడిగితే పుస్తకం ఓపెన్ చేశారు కాబట్టి కుదరదన్నారు. ఓపెన్ చెయ్యకుండా ఎలా తెలుస్తుందండీ?

పబ్లిషింగ్‌లో ఉన్న ఒకాయన్ని అడిగితే అసలు సంగతి చెప్పారు. మన పుస్తకాలు చాలావరకు పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో ‘అను’ అనే ఫాంట్లతో టైప్ చేసినవి, అవి యూనికోడ్ (ఫోన్లూ ట్యాబ్‌లూ అన్నీ చదవగలిగే అక్షరాల పద్ధతి) కాదు. సరైన ఈబుక్ చెయ్యాలంటే మొత్తం మార్చి మళ్ళీ ప్రూఫ్ దిద్దాలి, అంటే ఖర్చు. పైగా ఈబుక్ అమ్మితే మర్నాడే టెలిగ్రామ్‌లో పీడీఎఫ్ తిరుగుతుందని భయం, తక్కువకి ఇస్తే అచ్చు కాపీలు మిగిలిపోతాయని ఇంకో భయం. ఇవి నిజమైన ఇబ్బందులే, పీడీఎఫ్‌లు ఫ్రీగా పంచేవాళ్ళు కూడా ఇందులో దోషులే. కానీ ఆ ఖర్చు పెట్టి పని చేసినప్పుడు కదా 180 అడగాలి, పేజీలు స్కాన్ చేసి పెట్టి కాదు! కాగితం లేదు, కొరియర్ లేదు, చదివాక నేను ఇంకొకరికి ఇవ్వలేను, పాత పుస్తకాల షాపులో అమ్మలేను. ట్యాక్స్ కూడా చూడండి, అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు, ఈబుక్‌కి ఉంది. 2018లో 18 నుంచి 5 శాతానికి తగ్గించారు, అదీ అచ్చులో కూడా వచ్చిన పుస్తకాల ఈబుక్స్‌కే.

ధర గొడవ మన దగ్గరే కాదు. అమెరికాలో అమెజాన్ కొత్త ఈబుక్స్ చాలావాటిని 9.99 డాలర్లకి అమ్ముతుంటే 2010లో పెద్ద పబ్లిషర్లు ఐదుగురు యాపిల్‌తో కలిసి 12.99కీ 14.99కీ పెంచారు, 2012లో ప్రభుత్వం కేసు వేస్తే కోర్టు పాఠకుల వైపే నిలబడింది. అక్కడ పాఠకులకి కోర్టు ఉంది, ఇక్కడ 180 రూపాయల కోసం ఎవరు తిరుగుతారు అని వీళ్ళ ధైర్యం.

ఇంకోటి, డబ్బు కట్టినా పుస్తకం మనది కాదు, చదువుకునే లైసెన్స్ మాత్రమే. 2019లో మైక్రోసాఫ్ట్ ఈబుక్ స్టోర్ మూసేస్తే డబ్బు వెనక్కిచ్చారు గానీ కొన్న పుస్తకాలన్నీ పోయాయి. అంత పెద్ద కంపెనీ కాబట్టి డబ్బైనా వచ్చింది. 2016లో అమెజాన్ తన ఈబుక్ రీడర్ కిండిల్‌కి హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు తెచ్చినప్పుడు తెలుగు ఆ లిస్టులో లేదు, మనం చిన్న యాప్‌లని నమ్ముకోవాల్సి వచ్చింది, వాటిల్లో ఒకటి రేపు మూతపడితే ఎవరిని అడుగుతాం?

అందుకే కొనేముందు శాంపిల్‌లో ముందుమాట కాదు, కథ మొదలయ్యే పేజీ తీసి ఫాంట్ పెంచి చూడండి, అక్షరం పెరిగి లైను దానంతటదే సర్దుకుంటే కొనండి. శాంపిల్ ముందుమాటతోనే ఆగిపోతే కొనకుండా ముందు వాళ్ళకి మెయిల్ చేసి పీడీఎఫ్‌నా, అక్షరాలు పెద్దవి చేసుకోగలిగే ఈపబ్‌నా అని అడగండి, జవాబు దాచుకోండి. రీఫండ్ రూల్ స్క్రీన్‌షాట్ తీసుకోండి. నేను కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ పెట్టాను, మీకూ ఇలాగే జరిగుంటే మీరూ పెట్టండి. ఏ సంగతో తెలిసాక ఇక్కడే రాస్తాను.