పూన్ హిల్ ట్రెక్: మెట్ల లెక్క, అన్నం లెక్క, ప్యాకేజీవాళ్లు మింగేసే ఒక రాత్రి

అలిపిరి మెట్లు 3,550. నేపాల్‌లో టిఖేఢుంగా నుంచి ఉల్లేరి ఊరికి ఎక్కే మెట్లూ మూడు వేలు దాటతాయి. అలిపిరిలో నెత్తిన నీడ ఉంటుంది, మెట్లు సమానంగా ఉంటాయి, దాహమేస్తే పక్కనే కొట్టు ఉంటుంది. ఉల్లేరి మెట్లు ఊరివాళ్లు పలకరాళ్లు పేర్చి కట్టుకున్నవి. ఒకటి జానెడు ఎత్తుంటే పక్కది మోకాలి దాకా వస్తుంది. పట్టుకోవడానికి కమ్మీ లేదు, పైగా ఎదురుగా కంచరగాడిదల బారు దిగుతూ ఉంటుంది. పూన్ హిల్‌కి వెళ్లే ఈ దారినే ‘అందరూ చేయగలిగే సులువైన హిమాలయ ట్రెక్’ అని అమ్ముతున్నారు. అందరూ చేయగలిగేదన్న మాట నిజమే. సులువన్న మాట దగ్గరే మోకాళ్లు మోసపోతాయి.

ఘోరేపానీ–పూన్ హిల్ దారి అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతంలో ఉంది. మొత్తం ట్రెక్‌లో అన్నిటికంటే ఎత్తైన చోటు పూన్ హిల్, 3,210 మీటర్లు. సూర్యోదయం వేళ శిఖరాలు చూడటానికి ఎక్కే గుట్ట ఇది, దాని కిందున్న ఊరు ఘోరేపానీ. మంచు మీద నడక లేదు, గుడారం లేదు, తాడు పట్టుకునే పని లేదు. ప్రతి గంట, రెండు గంటల నడకకి ఒక ఊరో, టీ కాచే ఇల్లో తగులుతుంది. అందుకే మొదటిసారి వెళ్లేవాళ్లకి దీన్ని మించింది దొరకదు. కష్టమల్లా ఎక్కడంలో కంటే దిగడంలో ఉంది. బయల్దేరే ముందు నెల రోజులు లిఫ్ట్ మానేసి, వీపున ఆరు కిలోల సంచితో మెట్లు ఎక్కండి, అంతకంటే ఎక్కువగా దిగండి. శ్రీవారి మెట్టు 2,388 మెట్లు ఎక్కి దిగి, మర్నాడు మామూలుగా ఆఫీసుకి వెళ్లగలిగితే ఈ ట్రెక్‌కి మీరు సిద్ధం.

ఇప్పుడు ప్యాకేజీల సంగతి. ఈ ట్రెక్‌కి బయల్దేరే నగరం పోఖరా. ‘పోఖరా నుంచి 3 రోజులు, 2 రాత్రులు’ అని చెప్పేవాళ్లు మొదటిరోజు జీపులో ఉల్లేరి దాకా తీసుకెళ్లిపోతారు. అక్కణ్నుంచి నడిపించి అదే సాయంత్రానికి ఘోరేపానీ చేరుస్తారు. మెట్లు తప్పాయి కదా అని మనకీ సంతోషమే. కానీ పోఖరా ఎత్తు సుమారు 820 మీటర్లు, ఘోరేపానీ 2,860 దగ్గర. ఒక్క పగట్లో రెండు వేల మీటర్లు పైకెళ్లి పడుకుంటున్నారన్నమాట. 2,500 మీటర్లు దాటితే ఎత్తు ప్రభావం కొందరికి మొదలవుతుంది. చాలామందికి ప్రమాదమేమీ ఉండదు. అయితే తలనొప్పి, ఆకలి చచ్చిపోవడం, నిద్రపట్టకపోవడం మామూలే. ఆ నిద్రలేని మనిషిని తెల్లవారుజామున నాలుగింటికి లేపి పూన్ హిల్ ఎక్కించి, అదే పూట ఏడు గంటలు నడిపిస్తారు. బృందంలో గొడవలు ఎప్పుడు వస్తాయో గమనించండి, ఈ రెండో రోజు మధ్యాహ్నమే వస్తాయి. భార్యాభర్తలు మాట్లాడుకోరు, స్నేహితుడు ‘నేను ముందే చెప్పాను’ అంటాడు. తప్పు మనుషులది కాదు, మిగుల్చుకున్న ఆ ఒక్క రాత్రిది.

నాలుగు రాత్రులు పెట్టుకోండి. మొదటిరోజు పోఖరా నుంచి నయాపుల్ మీదుగా టిఖేఢుంగా వరకు బండి, అక్కడ భోజనం, తీరిగ్గా మెట్లెక్కి ఉల్లేరిలో పడక. ఆ ఊరు దాదాపు రెండు వేల మీటర్ల ఎత్తులో ఉంది, మొదటి రాత్రికి సరిగ్గా సరిపోతుంది. మోకాళ్ల భయం ఉంటే ఉల్లేరి దాకా జీపెక్కినా ఫర్వాలేదు గానీ రాత్రి మాత్రం అక్కడే ఆగండి. రెండోరోజు బంఠాంటి, నంగేఠాంటి మీదుగా ఘోరేపానీ, అయిదారు గంటలు. దారంతా గురాస్ (రోడోడెండ్రాన్) చెట్ల అడవి. మార్చి, ఏప్రిల్‌లో వెళితే ఎర్రగా విరబూసి ఉంటుంది. మూడోరోజు పూన్ హిల్, తర్వాత తాడాపానీ. నాలుగోరోజు మధ్యాహ్నానికల్లా ఘాండ్రుక్. అయిదోరోజు పోఖరా.

డబ్బు లెక్క చెప్పుకుందాం. మన 100 రూపాయలకి నేపాలీ రూపాయలు 160, ఈ మారకం 1993 నుంచీ మారలేదు. కింది అంకెలన్నీ నేపాలీ రూపాయల్లోనే, కొండమీద సుమారుగా నడిచే ధరలు. సీజన్‌ని బట్టి అటూ ఇటూ అవుతాయి. అన్నపూర్ణ ప్రవేశ అనుమతి సార్క్ దేశాలవాళ్లకి 1,000, టిమ్స్ అనే ట్రెకింగ్ కార్డు మరో 1,000. ఇద్దరికి గది 800, అంటే మనిషికి 400. పొద్దున టిఫిన్ 500, మధ్యాహ్నం భోజనం 650, రాత్రి 700, మూడు టీలు 360. రోజుకి తిండి 2,210 అయింది. నాలుగు నిండు రోజుల తిండి 8,840, నాలుగు రాత్రుల గది 1,600, రెండుసార్లు వేడినీళ్ల స్నానం 500. గైడుకి రోజుకి 3,500 చొప్పున అయిదు రోజులకి 17,500, ఇద్దరు పంచుకుంటే 8,750. అనుమతులతో కలిపి మనిషికి 21,690. మన డబ్బుల్లో సుమారు 13,550. బండి ఖర్చు, గైడు బహుమానం వేరే. దీనికి రెట్టింపు చెప్పే ప్యాకేజీ దొరికితే ఆ తేడా దేనికో కాగితం మీద రాసిమ్మనండి. ‘అన్నీ కలిపి’ అన్న మాటలో టీ, తాగునీరు, స్నానం, చార్జింగ్ ఉండవు. చాలా వాటిల్లో మధ్యాహ్న భోజనమూ ఉండదు.

లాడ్జీల గుట్టు తెలిస్తే సగం చిరాకు తగ్గుతుంది. గది అద్దె తక్కువెందుకంటే మీరు రాత్రి భోజనం, పొద్దున టిఫిన్ అక్కడే తింటారన్న లెక్క మీద. గది ఒకచోట తీసుకుని పక్క లాడ్జీలో తిని వస్తే యజమానురాలు మొహం మాడ్చుకుంటుంది, అద్దె కూడా పెంచేస్తుంది. తప్పు ఆవిడది కాదు. ఒక ప్రాంతంలోని లాడ్జీలన్నీ ఉమ్మడిగా ధరల పట్టిక పెట్టుకుంటాయి, అందుకని మెనూ మీద బేరం కుదరదు. బేరమాడాలంటే గది మీద ఆడండి, అదీ జనం లేని రోజుల్లో.

ఇక ఆ గదులు. గోడలు పలుచటి ప్లైవుడ్ చెక్కలు. పక్క గదిలో జిప్పు తీసినా వినిపిస్తుంది, గురక సంగతి చెప్పక్కర్లేదు. చెవుల్లో పెట్టుకునే స్పాంజి బిళ్లలు వెంట ఉంచుకోండి, ఈ ట్రెక్ మొత్తంలో వాటికంటే చవకైన సుఖం లేదు. గదిలో హీటర్ ఉండదు. వెచ్చదనమంతా భోజనాల హాలు మధ్యలో ఉన్న ఇనప డ్రమ్ము పొయ్యి దగ్గరే. దాని చుట్టూ తీగ కట్టి అందరి తడి మేజోళ్లు ఆరేస్తారు, ఆ వాసనలోనే అన్నం తినాలి. ‘అటాచ్డ్ బాత్రూం’ అని గదికి రెండింతలు తీసుకునే చోట ముందు కుళాయి తిప్పి చూడండి. డిసెంబరు, జనవరిలో పైపుల్లో నీళ్లు గడ్డకట్టి, రెండింతలు కట్టినవాళ్లూ బకెట్ పట్టుకుని కిందికి దిగాల్సి వస్తుంది. స్నానం మధ్యాహ్నం చేరగానే చేసేయండి. సూర్యుడు దిగాక సోలార్ నీళ్లు గోరువెచ్చన కూడా ఉండవు. గ్యాస్ గీజర్ ఉన్న స్నానాలగదిలో కిటికీ మూయకండి, ఆ పొగ ప్రాణం తీస్తుంది. దుప్పటి అడిగితే ఇస్తారు గానీ ఎన్నాళ్లకి ఉతుకుతారో అడగకండి. పల్చటి గుడ్డ సంచిలాంటి పడక లోపలి తొడుగు ఒకటి తీసుకెళితే మనసుకి హాయి.

తిండి మాత్రం ఈ దారి ఇచ్చే వరం. మెనూలో పిజ్జా, పాస్తా, స్ప్రింగ్ రోల్ అన్నీ ఉంటాయి, వాటి జోలికి పోవద్దు. అన్నం, పప్పు, కూర, ఆకుకూర, పచ్చడితో వచ్చే దాల్ భాత్ అడగండి. అన్నం, పప్పు, కూర మళ్లీ మళ్లీ వడ్డిస్తారు, అదనంగా డబ్బు తీసుకోరు. 700 పెట్టి ఒక్క పిజ్జా తిని ఆకలితో పడుకునేవాళ్లని చూస్తే జాలేస్తుంది. అప్పటికప్పుడు వండుతారు గనక గంట పడుతుంది. సాయంత్రం అయిదింటికే చెప్పేయాలి, పదిమంది పది రకాలు చెబితే ఒక్క వంటింటికి రెండు గంటలు. గైడు కూడా అదే చెప్తాడు, వినండి. మాంసం కొండమీదికి మోసుకొచ్చినదై ఉంటుంది, ఫ్రిజ్ నమ్మకం లేదు. గుడ్డుతో సరిపెట్టుకోవడం మేలు.

మనవాళ్లు తప్పకుండా అడగాల్సింది మెనూలో కింద ఎక్కడో ఉంటుంది: ఢిండో. అక్కడ ‘కోదో’ అంటే రాగులు. ఆ పేరు విని మన కొర్రలో అరికెలో అనుకోవద్దు. మరిగే నీళ్లలో రాగిపిండి పోసి చెక్క గరిటెతో కలిపి ముద్ద చేస్తారు. అంటే సాక్షాత్తూ రాగిసంకటే, కాకపోతే అందులో అన్నం కలపరు. మొక్కజొన్న పిండితో, బక్‌వీట్ పిండితో కూడా చేస్తారు, అందుకే ‘కోదోకో ఢిండో’ అని విడమర్చి అడగాలి. పక్కన నెయ్యి, పులియబెట్టి ఎండబెట్టిన ఆకుకూర పులుసు గుంద్రుక్, టిమూర్ దంచిన టమాటా పచ్చడి. టిమూర్ మిరియంలా ఉంటుంది, కొరికితే నాలుక జివ్వుమని మొద్దుబారుతుంది. చేత్తో ముద్ద చేసి పులుసులో ముంచి మింగడం చూస్తే వంటింటి దీదీకి మీరు ఎక్కణ్నుంచి వచ్చారో తెలుసుకోవాలనిపిస్తుంది. రాయలసీమవాళ్లయితే రెండో ముద్ద దానంతటదే వస్తుంది. ఆవకాయ గాజు సీసా మాత్రం మోయకండి, చిన్న పొట్లాలు చాలు.

పూన్ హిల్ గురించి నిష్ఠూరంగానే చెప్పాలి. అక్టోబరు, నవంబరులో తెల్లవారుజామున నాలుగున్నరకి నెత్తిన లైట్లు పెట్టుకుని వందల మంది ఒకే మెట్ల మీద బారులు తీరతారు. ఘోరేపానీ నుంచి 350 మీటర్ల ఎత్తు, ముప్పావు గంట నుంచి గంట. మెట్లెక్కేటప్పుడు చెమట, పైన నిలబడగానే చలి. చెమట పట్టిన చొక్కా మార్చుకోకపోతే సూర్యుడు రాకముందే దవడలు కొట్టుకుంటాయి. పొడి బనీను ఒకటి సంచిలో ఉంచుకుంటే ఆ అరగంట బతుకుతారు. ధవళగిరి 8,167, అన్నపూర్ణ 8,091, అన్నపూర్ణ సౌత్ 7,219, చేపతోకలాంటి మచ్ఛపుచ్ఛ్రే 6,993 మీటర్లు: వరసలో అన్నీ కనిపిస్తాయి. మబ్బు పడితే ఏమీ కనిపించదు, ఏ ఏజెన్సీ హామీ ఇచ్చినా అంతే. అలాగని ఏడుపు మొహంతో దిగక్కర్లేదు. టిఫిన్ తిని తాడాపానీ వైపు గంట, గంటన్నర ఎక్కితే దేవ్‌రాలీ గట్టు వస్తుంది. ఎత్తు దాదాపు అంతే, శిఖరాలూ అవే, జనం పదో వంతు. కాకపోతే పది దాటితే మబ్బులు లేస్తాయి, టిఫిన్ దగ్గర ఆలస్యం చేయొద్దు.

ఆ గట్టు దాటాక అసలు పరీక్ష. రెండో బంఠాంటి వైపు లోయలోకి నిటారుగా దిగుడు. జనవరి, ఫిబ్రవరిలో నీడపట్టున రాళ్ల మీద మంచు గడ్డకట్టి గాజులా ఉంటుంది. బూట్ల కింద తొడిగే ముళ్ల గొలుసులు పోఖరా లేక్‌సైడ్‌లో దొరుకుతాయి, వెంట ఉంచుకోండి. రెండు చేతికర్రలూ దిగేటప్పుడు కొంచెం పొడుగు చేసుకుని, బరువు ముందు కర్రల మీదికి తర్వాత కాలి మీదికి వెయ్యాలి. కాలిగోళ్లు ముందురోజే కత్తిరించుకోకపోతే బొటనవేలి గోరు నల్లబడుతుంది. చివర్లో వాగు దాకా దిగిపోయి మళ్లీ ఎక్కితే గానీ తాడాపానీ రాదు, సగంమంది ఓపిక అక్కడే చచ్చిపోతుంది. ఆ విషయం ముందే తెలిసినవాళ్లు రెండు ఖర్జూరాలు, ఓ చిక్కీ దాచుకుంటారు. ఊరి పేరుకి అర్థమే ‘దూరపు నీరు’.

కంచరగాడిదలు ఎదురైతే కొండవైపు గోడకి ఆనుకుని నిలబడండి, లోయవైపు ఎప్పుడూ నిలబడొద్దు. మూటలు తగిలి పడిపోయేది అటే. వానాకాలంలో జలగలు ఉంటాయి. ఉప్పు మూట, పొడుగు మేజోళ్లు ఉన్నా అప్పుడు వెళ్లకపోవడమే మేలు, శిఖరాలు ఎలాగూ కనిపించవు.

గైడు విషయంలో: 2023 ఏప్రిల్ 1 నుంచి విదేశీ ట్రెకర్లకి లైసెన్సున్న గైడు ఉండాలని నేపాల్ నియమం. లైసెన్సు కార్డు, బీమా కాగితం చూపించమని అడగండి, మంచి గైడు నొచ్చుకోడు. వాళ్లని ‘దాయి’ అనండి, అంటే అన్నయ్య. ఇద్దరికి ఒక పోర్టర్ చాలు. వాళ్ల వీపున ఇద్దరి సామానూ కలిపి 20 కిలోలు దాటనివ్వకండి, మూడో సంచి ‘చిన్నదే’ అని పైన కట్టించకండి. విమానంలో వెళ్తే పాస్‌పోర్ట్ లేదా ఓటరు కార్డు కావాలి, 15 నుంచి 65 ఏళ్ల మధ్యవాళ్లకి ఆధార్ పనికిరాదు. దీని దగ్గరే విమానాశ్రయంలో వెనుదిరిగేవాళ్లున్నారు. సికింద్రాబాద్ నుంచి గోరఖ్‌పూర్ రైలెక్కి సునౌలీ సరిహద్దు దాటి పోఖరా చేరే దారి చవక, ఒళ్లు మాత్రం హూనం. నేపాలీ నోట్లు పోఖరాలోనే తీసుకోండి, పైన ఏటీఎం మీద ఆశ పెట్టుకోవద్దు.

చాలా ప్యాకేజీలు ఘాండ్రుక్‌లో మధ్యాహ్న భోజనం పెట్టి జీపెక్కించేస్తాయి. ఎక్కకండి. పలకరాళ్ల కప్పులు, పలకరాళ్ల సందులు ఉన్న గురుంగ్‌ల ఊరు అది. గూర్ఖా రెజిమెంట్లలో చేసి వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. భారత సైన్యం పింఛను తీసుకునే తాతలు మనతో హిందీలో హాయిగా మాట్లాడతారు. పాత ఇంట్లో పెట్టిన చిన్న గురుంగ్ మ్యూజియం అరగంటలో చూసేయొచ్చు. లాడ్జి ఊరి పైభాగంలో తీసుకుంటే అన్నపూర్ణ సౌత్, మచ్ఛపుచ్ఛ్రే మంచం మీంచే కనిపిస్తాయి, నాలుగింటికి లేవక్కర్లేదు, టికెట్ లేదు, తోపులాట లేదు. కిందికి కిమ్‌చే గంట, గంటన్నర నడక, మళ్లీ మెట్లే. అక్కణ్నుంచి పోఖరాకి బస్సులు, షేర్ జీపులు ఉంటాయి. జీపులో ముందు సీటు కావాలంటే ముందురోజు సాయంత్రమే లాడ్జీలో చెప్పి పెట్టించుకోండి, వెనక సీట్లో ఆ మట్టిరోడ్డు కుదుపులకి దాల్ భాత్ నిలవదు.