మిషన్ పాలు లాగుతుంది, చేపు మాత్రం ఆవే ఇవ్వాలి

పోయిన సంక్రాంతికి ముందు చిత్తూరులో ఒక షాపులో ఈ పాలు పిండే మిషన్ కొన్నాను. ఒకే బకెట్ ఉండే రకం. 25 లీటర్ల స్టీలు క్యాను, చక్రాల బండి మీద మోటారు. 42 వేలు పడింది. మాది పలమనేరు పక్క పల్లె. మూడు జెర్సీ క్రాసు ఆవులు, ఒక ఎనుము (గేదె) ఉన్నాయి. కుడి మణికట్టు వాచిపోయి, రాత్రిళ్లు వేళ్లు తిమ్మిరెక్కి నిద్ర పట్టక కొన్నానే గాని సరదాకు కాదు. ఎనిమిది నెలలు వాడాక రాస్తున్నాను. 5కి మూడున్నర ఇస్తాను.

మొదటి పది రోజుల్లో రాసుంటే మాత్రం తిట్లే రాసుండేదాన్ని. బిగించడానికి వచ్చిన అబ్బాయి కొట్టంలోనే మోటారు పెట్టి, పొదుగు కడిగిన మరునిమిషం నాలుగు కప్పులూ తగిలించాడు. పూటకు 8 లీటర్లిచ్చే మా గౌరి రెండు లీటర్లు కూడా ఇవ్వకుండా బిగబట్టేసింది. కాళ్లు కొట్టుకోవడం, ఉచ్చ పోయడం, ఒకటే బెదురు. మిషన్ ఎంత బలంగా లాగుతుందో చూపే గేజి చూస్తే ముల్లు సరిగ్గానే ఉంది. అప్పుడు ఆ అబ్బాయి జేబులోంచి చిన్న సూదిమందు సీసా తీసి, "అక్కా, ఇది కొంచెం వేస్తే ధారగా దిగుతాయి" అన్నాడు. సీసాతో పాటు అతన్నీ బయటికి పంపించాను. పాల కోసం పశువుకు హాని చేసే సూదులు వేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారమే నేరం. అదీగాక మా వీధిలో ఒకాయన ఆవు సూదికి అలవాటుపడి, అది లేనిదే చుక్క విడవకుండా తయారైంది. చూసి కూడా ఎట్లా వేయిస్తాను?

వారం తర్వాత ఇంకో ఆవుకు సూడి కట్టించే సూది వేయడానికి పశువుల డాక్టరమ్మ వచ్చింది. నా గోడు విని, "పొదుగు కడిగాక ఎంతసేపటికి తగిలిస్తున్నావు?" అని ఒక్కటే అడిగింది. వెంటనే అన్నాను. తప్పు అక్కడే ఉందంట.

పొదుగులో పాలు కుండలో నీళ్లలా ఉండవు. చన్నుల పైనున్న తిత్తిలో ఉండేది ఇంచుమించు ఐదో వంతే. మిగతాదంతా ద్రాక్ష గుత్తుల్లాంటి సన్నసన్న సంచుల్లో ఉంటుంది. ఎంత గట్టిగా లాగినా అది దిగదు. చన్ను మీద చెయ్యో దూడ మూతో తగిలితే ఆ కబురు నరాల వెంట మెదడుకు పోవాలి. మెదడు అడుగునుండే పిట్యూటరీ గ్రంథి ఆక్సిటోసిన్‌ను రక్తంలోకి వదలాలి. అది పొదుగుకు చేరి, సంచుల చుట్టూ అల్లుకున్న సన్నటి కండరాలను పిండాలి. మనం చేపు అనేది దీన్నే. ఆవుకు నిమిషం, నిమిషంన్నర పడుతుంది. వచ్చాక దాని బలం ఓ ఐదారు నిమిషాలే. ఈలోపల పశువు భయపడితే అడ్రినలిన్ లేచి అంతా అడ్డుకుంటుంది. 8 లీటర్లలో ఐదో వంతు లెక్క వేసుకోండి. గౌరి ఇచ్చింది సరిగ్గా తిత్తిలో ఉన్నంతే.

చేత్తో పిండేటప్పుడు దూడను కాసేపు విడిచి, గోరువెచ్చని నీళ్లతో పొదుగు తుడిచి, ఏదో మాట్లాడుతూ కూర్చునేసరికి నాకు తెలీకుండానే ఆ నిమిషం గడిచిపోయేది. మిషన్ వచ్చేసరికి అన్నీ అదే చేస్తుందనుకున్నాను. మనిషికి మాత్రం వేరేనా? అబ్బోడు చంటిపిల్లోడప్పుడు పక్కగదిలో కేరుమంటే ఇక్కడ నా రవిక తడిసేది. ఇంట్లో గొడవైన రోజు బిడ్డ ఎంత పీల్చినా చేపు రాక ఏడ్చేవాడు.

అప్పటినుంచి పద్ధతి మార్చాను. మోటారును గోడ అవతల పెట్టించి, పొడుగు పైపు వేయించాను. ముందుగానే మోటారు వేసి దాణా పెడతాను. పొదుగు తుడిచి, ఒక్కో చన్ను నుంచి నాలుగు ధారలు నల్ల గిన్నెలోకి పిండి గడ్డలున్నాయేమో చూసి, ఒక నిమిషం ఆగి కప్పులు తగిలిస్తాను. ఇప్పుడు గౌరి ఆరు నిమిషాల్లో ఏడున్నర లీటర్లకు పైనే ఇస్తోంది. మోటారు చప్పుడు వింటేనే చన్నుల్లోంచి బొట్లు కారుతున్నాయి, ఒకప్పుడు దాన్నే చూసి బెదిరిన ఆవుకు! పాలు ఆగాక కప్పులు ఉంచకండి, చన్నులు పాడవుతాయి. అట్లని పొదుగులో పాలు మిగల్చనూ కూడదు. మిగిలేకొద్దీ రేపటి పాలు తగ్గుతాయి, పొదుగువాపు భయం వేరే.

ఎనుము దగ్గర మాత్రం ఈ మిషన్ నాకు పనికి రాలేదు. దాని తిత్తిలో ముందుగా నిలవుండే పాలు దాదాపు లేనట్టే. చేపడానికి రెండు నిమిషాలు, ఒక్కోరోజు ఇంకా ఎక్కువే పడుతుంది. చన్నులు పొడుగై కప్పులు జారిపోతాయి. నాటు ఆవులున్నవాళ్లు కూడా ఆలోచించుకోండి. మా అమ్మగారింట్లో పుంగనూరు ఆవు ఉండేది. దూడ కనబడకపోతే చుక్క విడిచేది కాదు. ఒక ఈతలో దూడ చచ్చిపోతే తాత దాని తోలులో గడ్డి కూరి ముందు నిలబెట్టాడు. ఆవు దాన్ని నాకుతూ చేపిందని అమ్మ ఇప్పటికీ కళ్లు తుడుచుకుంటూ చెబుతుంది.

ఇక మిషన్ సంగతులు. గేజి ముల్లు 340, 380 (పాదరసం మిల్లీమీటర్లు) మధ్య నిలబడుతోంది, లాగడం మెత్తగానే ఉంది. కప్పుల్లోపలి రబ్బరొకటి ఐదో నెలలో పగిలింది. దానికోసం షాపుకు మూడుసార్లు తిరిగాను, ప్రతిసారీ "రేపొస్తుంది" అన్నారు. కొనేటప్పుడే ఇంకో జత అడిగి తీసుకోండి. కడగడం ముందు చన్నీళ్లతో, తర్వాత వేడి సబ్బునీళ్లతో, పూటకు ఇరవై నిమిషాలు. ఆ సంగతి షాపులో ఎవరూ చెప్పరు. కరెంటు పోతే కప్పులు ఊడి పడతాయి, అది వచ్చేదాకా చేపు మనకోసం ఆగదు. రెండుసార్లు అట్లా సగంలో పోయింది, చీకట్లోనే కూర్చుని చేత్తో పిండాను.

మణికట్టు వాపు తగ్గింది. ఎనుమును మాత్రం ఇంకా చేత్తోనే పిండుతున్నాను, దూడను పక్కనే కట్టేసి.